మా ఊరి గుడికి నేను తగిలించిన ఏడాది

తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ మొదట్లో ఒకే ఒక్క వాక్యం. ఫలానా ఊరు ఫలానా జిల్లా ఫలానా మండలంలోని గ్రామం అని. వేలాది ఊళ్లకు అప్పట్లో అంతే ఉండేది. అలాంటి పేజీల్ని అక్కడ మొలకలంటారు. ఆ ఊరివాళ్లెవరో ఒకరు వచ్చి పెంచుతారన్న ఆశతో వదిలేవాళ్లు. 2009లో మా ఊరి మొలకను పెంచడానికి నేను పూనుకున్నాను. అప్పుడు నేను రాసిన ఒక వాక్యం పత్రికకెక్కింది, పుస్తకానికెక్కింది, చివరికి పాలరాయి మీద చెక్కించి గుడి గోడకు బిగించారు. ఆ వాక్యం నిజం కాదు. నిజమో కాదో తెలుసుకోకుండా, తెలిసినవాడిలా రాశాను.

ఊరి పేరు ఇక్కడ చెప్పను. చెబితే, ఈ వ్యాసంలోంచి ఆ ఒక్క ముక్క ఎవరో ఎత్తి రాసుకుంటారు, పాత అబద్ధానికి ఇంకో అచ్చు ఆధారం దొరుకుతుంది. గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డుకు కాస్త ఎడంగా ఉన్న పల్లె అనుకోండి, చాలు.

అప్పుడు నా ఉద్యోగం ఛత్తీస్‌గఢ్‌లో, ఒక బ్యాంకు శాఖలో. పగలంతా హిందీ. సాయంత్రం గదికొస్తే తెలుగులో మాట్లాడే మనిషి లేడు. తెలుగు వికీపీడియా నాకు ఆ ఒంటరితనంలో దొరికింది. ఇంగ్లిషులో 2001 జనవరిలో మొదలైన వికీపీడియాకు, వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులోనే తెలుగు గడప ఏర్పడింది. కంప్యూటరులో తెలుగు రాయవచ్చని చాలామందికి తెలియని రోజులవి. నేను వీవెన్ తయారుచేసిన లేఖిని తెరిచి, పై పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి, కింది పెట్టెలో తెలుగై వచ్చినదాన్ని తెచ్చి అతికించేవాణ్ని. రచ్చబండ అని ఒక పేజీ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఊళ్లో రచ్చబండలాగే అక్కడ పెద్దా చిన్నా చేరి వాదించుకునేవాళ్లు. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. నేను ళ రాయాల్సిన చోట ల రాస్తే, ఏ దేశంలో ఉన్నాడో తెలియని ఒక పెద్దాయన తెల్లారేసరికి సరిదిద్ది ఉంచేవాడు. ఎందుకు దిద్దాడో రెండు ముక్కల్లో వివరంగా రాసేవాడు కూడా. పైసా ఆదాయం లేని పని. రాత్రి పన్నెండింటి దాకా కూర్చునేవాళ్లు. ఆ మనుషుల మధ్య నేను చేసిన పని కాబట్టే ఇది నన్ను ఇంత బాధపెట్టింది.

మా ఊళ్లో శివాలయం ఉంది. అది కాకతీయుల నాటి గుడి అని తాతయ్య అనేవాడు. ధ్వజస్తంభం పక్కన నడుమెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. దాని మీద అక్షరాలు. వాటిని చదివినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. పండగొచ్చినప్పుడల్లా పసుపు రాసి, బొట్లు పెట్టేవాళ్లు. గుడికి సున్నం కొట్టినప్పుడు దానికీ కొట్టేవాళ్లు. నా దగ్గరున్న సరుకు ఈ రెండే: తాతయ్య మాట, ఎవరూ చదవని రాయి. దాంతో నేను రాసిన వాక్యం ఇది: "ఈ ఆలయాన్ని క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కట్టించినట్లు ఆలయ ప్రాంగణంలోని శాసనం ద్వారా తెలుస్తోంది."

ఈ వాక్యం ఎలా పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే పచ్చి అబద్ధమాడే మనిషి రాసే తీరు వేరు, నాది వేరు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. కోస్తా ఆయన చేతికి వచ్చింది. మోటుపల్లి రేవుకొచ్చే పరదేశి వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించాడు. ఆయన సేనాని జాయప చేబ్రోలులో గుడి కట్టించాడు. ఇవన్నీ నిజాలే, పుస్తకాల్లో చదివినవే. చేబ్రోలు మా ఊరికి మరీ దూరమేమీ కాదు. అక్కడ కట్టించినవాళ్లు ఇక్కడెందుకు కట్టించి ఉండరు? అలా ఒక నిజం మీద ఇంకో నిజం పేర్చుకుంటూ పోయి, ఆఖరి మెట్టు మాత్రం నేనే కల్పించాను. 'కట్టించి ఉండవచ్చు' అని వేళ్ల దాకా వచ్చింది. అలా రాస్తే వ్యాసం బలహీనంగా కనిపిస్తుందనిపించి 'కట్టించాడు' అన్నాను.

ఏడాది సంగతి ఇంకా ఘోరం. 1200 అని రాస్తే ఉజ్జాయింపని ఎవరైనా పట్టేస్తారు. 1213 అంటే ఎవరో చూసి రాసినట్టు ఉంటుంది. ఆ 13 అన్న అంకె ఎక్కడిదీ కాదు, నా చేతి చలవ. తర్వాత ఎందరో చదువుకున్నవాళ్లు ఆ వాక్యాన్ని నమ్మడానికి కారణం ఆ అంకేనని నా నమ్మకం. రౌండు అంకెను శంకిస్తాం, చిల్లర అంకెను నమ్మేస్తాం. ఇక 'శాసనం ద్వారా తెలుస్తోంది' అన్న మాట. రాయి ఉంది, నిజమే. అది ఏం చెబుతోందో నాకు తెలియదు. దాని నోట నా మాట పెట్టాను.

కొన్నాళ్లకు ఎవరో సభ్యుడు ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అన్న గుర్తు తగిలించాడు. చిన్న అక్షరాలు, వాక్యం భుజం మీద కూర్చుని ఉండేవి. పేజీ తెరిచినప్పుడల్లా అవే కనబడేవి. నాకు చిరాకేసేది. మా తాతయ్యను అబద్ధాలకోరు అన్నట్టు అనిపించేది. తాతయ్య చెప్పింది కాకతీయుల నాటిదని మాత్రమేనని, గణపతిదేవుణ్నీ ఏడాదినీ కలిపింది నేనేనని మనసు ఆ పూట గుర్తుచేసేది కాదు.

2012 శివరాత్రికి ఒక దినపత్రిక జిల్లా పేజీల్లో చుట్టుపక్కల శివాలయాల మీద కథనం వచ్చింది. అందులో మా గుడి ఉంది. 1213 ఉంది, గణపతిదేవుడు ఉన్నాడు, శాసనమూ ఉంది. మా పిన్ని ఫోన్ చేసి చదివి వినిపించింది, నాకు ఒళ్లు పులకరించింది. చూశావా, నిజమే అన్నమాట, విలేకరి ఊరెళ్లి కనుక్కుని రాశాడు కదా అనుకున్నాను. తర్వాత కథనం తెప్పించుకుని నెమ్మదిగా చదివాను. కోనేరు గుడికి ఈశాన్యాన ఉందని రాశాడు. మా కోనేరు ఈశాన్యాన లేదు, వాయవ్యాన ఉంది. గుడి మెట్ల మీద నిలబడిన పసిపిల్లాడికైనా ఆ తేడా తెలుస్తుంది. ఈశాన్యం అని రాసింది ఒక్కడే, నేను. వికీపీడియాలో, దిక్కులు సరిచూసుకోకుండా.

అంటే ఆ విలేకరి మా ఊరు రాలేదు. నా పేజీ చూసి రాసుకున్నాడు. ఇది నాకు ఆ క్షణాన స్పష్టంగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా, ఆ రాత్రే పేజీ తెరిచి, 'ఆధారం చూపాలి' గుర్తు తీసేసి, దాని స్థానంలో ఆ పత్రిక పేరు, తేదీ మూలంగా చేర్చాను. మార్పు కింద రాసే సారాంశంలో 'మూలం చేర్చాను' అని రాశాను. పనిలో పనిగా కోనేటి దిక్కు వాయవ్యానికి సరిదిద్దాను కూడా.

2009లో నేను చేసింది నిర్లక్ష్యం. 2012లో చేసింది మోసం. ఈ రెంటికీ మధ్య తేడా నాకిప్పుడు చాలా బాగా తెలుసు.

ఇలాంటి చుట్టుడు వ్యవహారం నాతోనే మొదలవలేదు. వికీపీడియాలో ఆధారం లేని మాట, దాన్ని చూసి పత్రికలో వార్త, ఆ వార్తే తిరిగి వికీపీడియాకు ఆధారం: ఈ తిరుగుడును అమెరికా కార్టూనిస్టు రాండల్ మన్రో 2011లో తన ఎక్స్‌కేసీడీ వెబ్ కామిక్‌లో బొమ్మ గీసి చూపించాడు, దానికి సైటోజెనెసిస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు స్థిరపడిపోయింది. మన దేశం పేరు చెప్పి జరిగిన పెద్ద మోసం ఇంకొకటుంది. గోవా పోర్చుగీసువాళ్లకూ మరాఠాలకూ 17వ శతాబ్దంలో బిచోలిమ్ దగ్గర యుద్ధం జరిగిందంటూ ఇంగ్లిష్ వికీపీడియాలో 2007లో పెద్ద వ్యాసం వెలిసింది. లేని పుస్తకాల్ని ఆధారాలుగా చూపారు. దానికి 'మంచి వ్యాసం' అన్న గుర్తింపు కూడా దక్కింది. అలాంటి యుద్ధమే జరగలేదని తేలి తొలగించేసరికి 2012 డిసెంబరు వచ్చింది. ఐదేళ్లు. అంతమంది చూసే ఇంగ్లిషులోనే ఐదేళ్లు నిలిస్తే, రోజుకు పది మంది కూడా చూడని ఒక తెలుగు పల్లె పేజీని ఎవరు పట్టించుకుంటారు?

కానీ ఆ పదిమందే చాలు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలొచ్చాయి. చుట్టుపక్కల చూడదగ్గ గుళ్లంటూ కరపత్రాలు, ఫ్లెక్సీలు వెలిశాయి. ఫ్లెక్సీ మీద గణపతిదేవుడి ఊహాచిత్రం, పక్కన ఎర్రటి అంకెల్లో 1213. సరిగ్గా ఆ తర్వాతి నెలలో జియో వచ్చింది. డేటా చవకైంది, మా ఊళ్లో పాలు పోసే కుర్రాడి దగ్గర్నుంచి అందరి చేతిలోకీ యూట్యూబ్ వచ్చింది. ఎవరో డ్రోన్ ఎగరేసి గుడిని తీసి, గంభీరమైన గొంతుతో నా వాక్యాన్ని చదివి పెట్టారు. ఊరి వాట్సాప్ గ్రూపులో ప్రతి కార్తీక సోమవారం అది తిరిగేది. తిరిగిన కొద్దీ పెరిగేది. గణపతిదేవుడు స్వయంగా వచ్చి మూడు రాత్రులు బస చేశాడని ఒకరు. చిన్నపిల్లగా ఉన్న రుద్రమదేవి కోనేట్లో దీపం వదిలిందని ఇంకొకరు. ఇవి నేను రాసినవి కావు. కానీ వీటికి పునాది రాయి నాదే.

ఆలయ పునరుద్ధరణ జరిగినప్పుడు దాతల పేర్లతో పాలరాతి ఫలకం వేయించారు. దాని మొదటి రెండు వరుసలు నా వాక్యమే, 'ద్వారా తెలుస్తోంది' తో సహా. సెలవుకి వెళ్లినప్పుడు చూశాను. దాతల్లో నా పేరు కూడా ఉంది, కిందనెక్కడో. నోరు పెగల్లేదు. తప్పని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండేది కాదు, చెక్కినవాడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. చెప్పలేదు. ప్రతిష్ఠ రోజు, అందరూ సంతోషంగా ఉన్నారు, ఇప్పుడెందుకు అనుకున్నాను.

2019లో వికీపీడియాలో నా చర్చ పేజీలో ఒక సందేశం కనబడింది. ఒక విశ్వవిద్యాలయంలో చరిత్రలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. కాకతీయుల కాలంలో తీరాంధ్ర గుళ్లకు దక్కిన దానాల మీద ఆమె పని. "సార్, మీరు ప్రస్తావించిన గణపతిదేవుని శాసనం పాఠం ఎక్కడ అచ్చయింది? దక్షిణ భారత శాసనాల పదో సంపుటి మొత్తం చూశాను, దొరకలేదు. శాసన శాఖ వార్షిక నివేదికల్లో కూడా లేదు. దయచేసి చెప్పగలరా?" అని రాసింది. పదో సంపుటి అంటే మాటలు కాదు. మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనాలు గుదిగుచ్చి 1948లో అచ్చువేసిన పెద్ద గ్రంథం. లేని శాసనం కోసం ఆ పిల్ల దాన్నంతా గాలించింది.

చాలా రోజులు జవాబివ్వలేదు. ఇంకో సందేశం వచ్చింది: అచ్చు కాకపోయుంటే తనే వచ్చి నకలు తీసుకుంటానని, ఫలానా వారం మా ఊరికి వస్తున్నానని. అప్పటికి నాకు విజయవాడ బదిలీ అయింది. సెలవు పెట్టి వెళ్లాను.

శాసనానికి నకలు తీయడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ముందు రాయిని కడిగారు. ఆ అమ్మాయి, ఆమెతో వచ్చిన ఇంకో విద్యార్థి, గంటకు పైగా నీళ్లు పోస్తూ మెత్తటి కుంచెతో రుద్దారు. పసుపు పోయింది, దాని కింద సున్నం, సున్నం కింద ఎప్పటిదో ఆయిల్ పెయింటు. పెయింటును గీకితే అక్షరం పోతుందని ఓపిగ్గా పెచ్చులు పెచ్చులుగా ఊడదీశారు. తర్వాత కాగితం తడిపి రాయి మీద పరిచి, గట్టి కుంచెతో తడుతూ పోయారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. కాస్త ఆరాక నల్ల సిరా అద్దిన గుడ్డ ముద్దతో పైపైన తట్టారు. రాయి ఉన్న చోటల్లా నలుపు, అక్షరం ఉన్న చోట తెలుపు. ఊరి పిల్లలు చుట్టూ చేరారు. నేను పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న రాయి మీద వరసలు వరసలుగా రాత తేలింది.

ఆమె అక్కడికక్కడే కొంత చదివింది, మిగతాది ఆమె గురువుగారు తర్వాత చదివి సరిచూశారు. శక వర్షం 1069. దానికి 78 కలపాలి, 1147 అవుతుంది. గణపతిదేవుడు గద్దెనెక్కడానికి 52 ఏళ్ల ముందు మాట. అప్పటికి ఈ సీమ చందవోలు నుంచి ఏలిన వెలనాటి చోడుల కింద ఉంది. ఉత్తరాయణ సంక్రాంతినాడు ఒక ఆవిడ తన తల్లిదండ్రులకు పుణ్యంగా ఈ దేవుడికి అఖండ దీపం పెట్టించింది. దీపానికి 50 గొర్రెలిచ్చింది. ఆ గొర్రెల్ని చేపట్టిన బోయడు, అతని కొడుకులు, మనవలు రోజుకో మానెడు నెయ్యి పొయ్యాలి. ఆవిడ పేరున్న చోట రాయి పగిలి పోయింది. చివరి అక్షరం 'మ' ఒక్కటే మిగిలింది.

గుడి ఎవరు కట్టించారో రాయిలో లేదు. రాజు పేరు ఉండాల్సిన పై వరస అరిగిపోయింది. ఉన్నదల్లా ఈ గొర్రెలు, నెయ్యి, అమ్మానాన్నల తలంపు. కాకతీయుల నాటి గుడి అని తాతయ్య అన్నది తప్పే, కానీ గుడి పాతదన్న ఆయన మాట నిజం. ఆయన అనుకున్నదానికంటే పాతది. నేను దాని వయసు తగ్గించాను.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఆ అమ్మాయికి అంతా చెప్పాను. 1213 నాదేనని, పత్రిక నన్ను చూసి రాసిందని నాకు తెలిసే చేర్చానని. ఆమె కోప్పడలేదు. కాకతీయుల కాలపు దానాల పట్టికలో మా ఊరు అప్పటికే చేర్చేసిందట, దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ మళ్లీ వెయ్యాలట. గైడుకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ కాసేపు ఊరుకుంది. "రాసేముందు ఎవరినైనా అడగాల్సింది కదండీ, మావాళ్లెవరైనా వచ్చేవాళ్లు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఒక ఉత్తరం రాస్తే చాలు, పదేళ్ల కిందటే ఎవరో ఒకరు వచ్చి ఆ రాయి చదివేవాళ్లు. పేరున్న చోటు అప్పటికింకా పగిలి ఉండేది కాదేమో కూడా.

రాత్రే వికీపీడియాలో వాక్యం తొలగించాను. మర్నాటికల్లా అది తిరిగి వచ్చింది. అమెరికాలో ఉంటున్న మా ఊరి కుర్రాడెవరో వెనక్కి తిప్పాడు. కింద మూడు ఆధారాలు: దినపత్రిక కథనం, పుష్కరాలకు వేసిన సంచిక, ఒక పుస్తకం. మూడూ నావే. అంటే మూడింటి తల్లీ నా వాక్యమే. అతనికి అది తెలియదు. అతని దృష్టిలో ఎవరో ఆధారం చూపకుండా ఊరి చరిత్ర చెరిపేస్తున్నాడు, తను కాపాడుకుంటున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ని.

చర్చ పేజీలో నా తప్పంతా పూసగుచ్చినట్టు రాశాను. అక్కడ ఒక చిక్కు ఎదురైంది. వికీపీడియా నియమం ప్రకారం సభ్యుడి సొంత మాట ఆధారం కాదు. సొంత పరిశోధనా చెల్లదు. అచ్చయినదే ఆధారం. అబద్ధం మూడు చోట్ల అచ్చయింది, నిజం ఇంకా ఆ అమ్మాయి సంచిలో చుట్ట చుట్టిన కాగితంగానే ఉంది. ఆ కుర్రాడు మర్యాదగానే అడిగాడు: "అన్నా, మీరు రాశారని మీరంటే సరిపోతుందా? మీరు ఊళ్లో గొడవలవల్ల ఇలా అనడం లేదని నమ్మకమేంటి?" న్యాయమైన ప్రశ్న.

విడిపించింది నా మొదటి రోజుల్లో ళ దిద్దిన ఆ పెద్దాయన. ఇన్నేళ్లయినా ఆ పేజీ ఆయన వీక్షణ జాబితాలో ఉందట. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, చరిత్ర చూడండి అన్నాడు. వికీపీడియాలో ప్రతి పేజీకీ మొదటి అక్షరం నుంచి జరిగిన ప్రతి మార్పూ తేదీతో, గంటతో, చేసినవాడి పేరుతో భద్రంగా ఉంటుంది. వాక్యం చేరింది 2009లో. పత్రిక తేదీ 2012. కోనేరు ఈశాన్యాన ఉందన్న తప్పు మొదట పేజీలో, తర్వాత యథాతథంగా పత్రికలో. పేజీలో ఆ దిక్కును దిద్దింది 2012లో, మూలం చేర్చిన అదే మార్పులో, నేనే. నా దొంగతనపు గుర్తులు నేనే వదిలి పెట్టుకున్నాను, వాటిని ఎవరూ చెరపలేదు. ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. వాక్యం పోయింది. ఆ అమ్మాయి గురువుగారు శాసన పాఠాన్ని అచ్చువేసేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచాలని నిర్ణయమైంది.

వాట్సాప్‌లో ఇలాంటి చరిత్ర లేదు. ఎవరు మొదట పంపారో, ఎప్పుడు పంపారో, మధ్యలో ఎవరు రుద్రమదేవిని చేర్చారో చూపే తలుపు లేదు. 2018లో మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి ఐదు చాట్లకు పరిమితం చేసి, ఫార్వర్డ్ చేసినదన్న గుర్తు పెట్టారు. అది మాట వేగాన్ని తగ్గిస్తుందేమో, పుట్టుకను చూపదు. ఊరి గ్రూపులో నేను పెద్ద సందేశం రాసి, నకలు ఫోటో పెట్టాను. ఇద్దరు దణ్ణాలు పెట్టారు. మిగతా అంతా నిశ్శబ్దం. ఆ వచ్చే కార్తీకంలో అదే డ్రోన్ వీడియో మళ్లీ వచ్చింది.

ఆలయ కమిటీ పెద్ద మా అమ్మకు వరసకు అన్న. ఇంటికి పిలిచి మజ్జిగ ఇప్పించి అడిగాడు. "ఒరే అబ్బాయ్, గణపతిదేవుడు కట్టించిన గుడి అని ఊరంతా తలెత్తుకు తిరుగుతున్నారు. నిధుల కోసం పెట్టిన అర్జీలో కూడా అదే రాశాం. ఇప్పుడెవరో ఆవిడ గొర్రెలిచ్చిందని రాసుకుంటే ఎట్టారా?"

"మావయ్యా, ఆవిడ మన ఊరిదే అయ్యుంటుంది" అన్నాను.

"అయితే?"

అయితే ఏమిటో ఆయనకు ఆ పూట నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. చక్రవర్తికి చోటివ్వడానికి నేను ఆవిణ్ని తోసేశాను. తొమ్మిది శతాబ్దాల కిందట ఒక కూతురు తన తల్లిదండ్రులను తలుచుకుని ఊళ్లో పెట్టించిన దీపం అది. ఆ సంగతి చెప్పే సాక్ష్యం ప్రపంచం మొత్తానికి ఆ ఒక్క రాయే. గణపతిదేవుడికి మోటుపల్లి ఉంది, ఓరుగల్లు ఉంది, పాఠ్యపుస్తకాలున్నాయి. ఆవిడకు మా ఊరు తప్ప ఏముంది?

కాలిన్ మెకంజీ మనుషులు 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, తర్వాత చదివాను. బ్రౌన్ దొర చెదలు పట్టకుండా నకళ్లు తీయించినవి. వాటిలోనూ పుక్కిటి పురాణాలున్నాయి, కొండల్ని రాక్షసులు మోసుకొచ్చిన కథలున్నాయి. కానీ ఊరి కరణాలు చెప్పిన మాట అన్న సంగతి చదివేవాడికి తెలుస్తూనే ఉంటుంది. కరణం చెప్పాడని తెలిస్తే, నమ్మాలో లేదో మనం తేల్చుకుంటాం. తాతయ్య ఇలా అనేవాడు అని రాసి ఉంటే నా వాక్యమూ ఏ హానీ చేసేది కాదు. వికీపీడియాలో అది నిలిచేది కాదు, తీసేసేవాళ్లు. తీసేస్తేనే బాగుండేది. తాతయ్య మాటకు చోటు ఇంకెక్కడైనా వెతికేవాణ్ని.

ఇప్పటికీ వికీపీడియాలో రాస్తాను. కొత్తవాళ్లు ఊరి పేజీలు రాస్తే చూసి పెడతాను. ఒక సంగతి రెండు మూడు చోట్ల కనబడితే వెంటనే తృప్తిపడను. అన్ని చోట్లా ఒకే తప్పు ఉందేమో చూస్తాను. ఊరి పేరులో ఒకే అక్షరదోషం, దూరంలో ఒకే పొరపాటు, ఎవరూ వాడని ఒకే విశేషణం కనబడితే, ఆ మూడు సాక్ష్యాలూ ఒకటే. తేదీలు వరసన పెడితే ఏది ముందో తెలిసిపోతుంది. చిల్లర అంకె కనబడితే ఎవరు లెక్కపెట్టారని అడుగుతాను. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఈమధ్య ఒక కుర్రాడు నొచ్చుకున్నాడు, వాళ్ల తాతగారిని అనుమానిస్తున్నాననుకున్నాడు. అతనితో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాను. వాళ్ల తాతగారి మాటలు ఆయన గొంతుతోనే రికార్డు చేసి ఉంచమన్నాను, పేరు, ఊరు, తేదీ చెప్పించి.

మా ఊరి సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. మొన్న మా అన్నయ్య కూతురు ఫోన్‌లో కృత్రిమ మేధను మా గుడి గురించి అడిగితే, అది గణపతిదేవుడు, 1213 అని తడుముకోకుండా చెప్పింది. యూట్యూబ్ వీడియో వివరాల్లో దిద్దమని ఆ చానల్‌వాళ్లకు రాశాను, బదులు లేదు. మళ్లీ రాస్తాను. శాసన పాఠం ఒక పరిశోధన సంచికలో అచ్చయింది, దాన్ని మూలంగా చూపి వికీపీడియాలో ఆ అమ్మాయే కొత్త వాక్యం చేర్చింది. పత్రికకు కూడా ఉత్తరం రాశాను. పాలరాతి ఫలకం తీయించడానికి కమిటీ ఒప్పుకోలేదు, దాతల పేర్లున్నాయి కదా అన్నారు. కానీ పాత రాయి చుట్టూ కమ్మీలు వేయించి, సున్నం, రంగులు కొట్టకుండా చూస్తామన్నారు. దాని పక్కన శాసనంలో ఉన్నది తేట తెలుగులో చెప్పే బల్ల పెట్టడానికి మావయ్య సరేనన్నాడు. ఆ నాలుగు వరసలూ నన్నే రాసివ్వమన్నాడు. చదివింది ఆ అమ్మాయి కాబట్టి ఆమెనే రాయమని అడిగాను. ఖర్చు మాత్రం నేను పెట్టుకుంటున్నాను.